సొమ్ము టోక్యోలో సిద్ధం, ఫైలు హనోయిలో పెండింగ్: హో చి మిన్ సిటీ మెట్రో లైన్ 1 కేస్ స్టడీ

జపాన్ అప్పుతో కట్టిన మెట్రో అనగానే మనకు గుర్తొచ్చేది ఢిల్లీ. మొదటి దశ 65 కిలోమీటర్లు 2005 నాటికే అయిపోయింది, అదీ గడువు కంటే ముందే. అదే జపాన్, దాదాపు అదే తరహా అప్పు వియత్నాంకి వెళ్లేసరికి 19.7 కిలోమీటర్ల లైన్‌కి పన్నెండేళ్లు దాటాయి. హో చి మిన్ సిటీ మెట్రో మొదటి లైన్ పని 2012 ఆగస్టులో మొదలైంది. ప్రయాణికులు రైలెక్కింది 2024 డిసెంబర్ 22న.

నేను మన దేశంలో మెట్రో ప్రాజెక్టుల కాంట్రాక్ట్ అడ్మినిస్ట్రేషన్ చూస్తాను. బిల్లులు, వేరియేషన్లు (పనిలో మార్పులు), క్లెయిములు (అదనపు సొమ్ము కోసం కాంట్రాక్టర్ పెట్టే దరఖాస్తులు), గడువు పొడిగింపులు, ఇవే రోజంతా. ఆ లైన్‌తో నాకు ఉద్యోగ సంబంధం ఏదీ లేదు. అయినా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు ‘డబ్బున్న ప్రాజెక్టు కూడా డబ్బుల్లేక ఎలా ఆగుతుంది’ అని చెప్పాలంటే నేను ముందు తీసేది ఈ కేసే. బహిరంగంగా ఉన్న సమాచారం చదివి, లైన్ తెరిచాక వెళ్లి ఎక్కి చూసి రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. సైగాన్ (హో చి మిన్ సిటీ పాత పేరు) మెత్తనేల, నది ఒడ్డున టన్నెల్, కొత్త టెక్నాలజీ, ఇవన్నీ ఈ కథలో చిన్న పాత్రలే. 2011లో అంచనా రెండున్నర రెట్లకు పైగా పెరిగినప్పుడు దానికి ఎవరి ఆమోదం కావాలో తేల్చుకోకుండానే పనిలోకి దిగారు. ఆ ఒక్క లోటు ఏడేళ్ల తర్వాత బిల్లుల రూపంలో బయటపడింది.

లైన్ గురించి క్లుప్తంగా

నగరం నడిబొడ్డున బెన్ థాన్ మార్కెట్ దగ్గర మొదలై, ఈశాన్యంగా సుయోయ్ తియెన్ బస్ స్టేషన్ దాకా వెళ్తుంది. మొత్తం 14 స్టేషన్లు. బెన్ థాన్, ఒపేరా హౌస్, బా సోన్ భూగర్భంలో ఉన్నాయి, మిగతా 11 పైన. పైన గరిష్ఠ వేగం గంటకు 110 కిలోమీటర్లు, టన్నెల్‌లో 80. జపాన్‌లో హిటాచీ తయారుచేసిన 17 రైళ్లు, ఒక్కోదానికి మూడు పెట్టెలు, రైలుకి 930 మంది పడతారు.

సివిల్ పని మూడు ముక్కలు. బెన్ థాన్ వైపు భూగర్భ భాగం జపాన్ కంపెనీ సుమితోమో మిత్సుయి కన్‌స్ట్రక్షన్, వియత్నాం కంపెనీ సియెన్కో 4 కలిసి చేశాయి. ఒపేరా హౌస్ నుంచి బా సోన్ దాకా షిమిజు, మయెదా. పైన వయాడక్టు (స్తంభాల మీద నడిచే వంతెన లాంటి దారి), డిపో సుమితోమో కార్పొరేషన్, సియెన్కో 6. రైళ్లు, సిగ్నలింగ్, విద్యుత్తు, ట్రాక్ అన్నీ కలిపి హిటాచీ. అందరి మీదా పర్యవేక్షణ నిప్పోన్ కోయి నేతృత్వంలోని జనరల్ కన్సల్టెంట్ బృందం ఎన్‌జేపీటీది. యజమాని తరఫున నగర పీపుల్స్ కమిటీ (అంటే నగర ప్రభుత్వం) కింద పనిచేసే అర్బన్ రైల్వే మేనేజ్‌మెంట్ బోర్డు ఉంటుంది, అందరూ ఎంఏయూఆర్ అంటారు.

వెళ్లి చూసినవాళ్లకు పనిలో వంక పెట్టాలనిపించదు. బెన్ థాన్ స్టేషన్ నాలుగు అంతస్తుల లోతు. పైన గాజు కప్పులోంచి వెలుతురు లోపలికి దిగుతుంది. రైలు బా సోన్ దాటాక పైకెక్కి, కాసేపట్లో కుడి పక్క ల్యాండ్‌మార్క్ 81 టవర్ కనిపిస్తుంది, తర్వాత సైగాన్ నది. అక్కణ్నుంచి చివరి దాకా హైవే పక్కనే పరుగు. వయాడక్టు గర్డర్ (స్తంభాల మధ్య వేసే దూలం) యు ఆకారంలో ఉంటుంది, అంటే రైలు గర్డర్ మీద కాకుండా గర్డర్ కడుపులో నడుస్తుంది. దాంతో మొత్తం ఎత్తు తగ్గుతుంది, పక్క గోడలు చప్పుడుని కొంత ఆపుతాయి. హైవే అవతలి జనం స్టేషన్‌కి రావడానికి తొమ్మిది పాదచారుల వంతెనలు కట్టారు. మన దగ్గర ఇలాంటివి లైన్ తెరిచిన చాలాకాలానికి గుర్తొస్తాయి.

అప్పు ఎలాంటిది

జపాన్, వియత్నాం మధ్య దౌత్య సంబంధాలు 1973లో మొదలైనా, జపాన్ అభివృద్ధి సాయం మళ్లీ ఊపందుకుంది 1992 నవంబర్ తర్వాత. అప్పటి నుంచి వియత్నాంకి దేశాల వారీగా అతిపెద్ద దాత జపానే. రాజధాని హనోయిలో న్యాత్ తాన్ వంతెన, నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టు రెండో టెర్మినల్ రెండూ జపాన్ అప్పుతో కట్టి 2015 జనవరి 4న ఒకే రోజు ప్రారంభించారు. కాన్ థో వంతెన, సైగాన్ నది కింద థూ థియెమ్ సొరంగం కూడా ఆ కోవలోవే. రోడ్లు, రేవులు, కరెంటు జపాన్ అప్పుతో వస్తే, వాటి వెనకే జపాన్ ఫ్యాక్టరీలు రావాలన్నది రెండు దేశాల లెక్క. హనోయి పక్కన సుమితోమో వేసిన థాంగ్ లాంగ్ ఇండస్ట్రియల్ పార్కులోకి కానన్, పానసోనిక్ వచ్చింది ఆ లెక్క ప్రకారమే.

మెట్రో లైన్ 1కి 2007లో మొదటి అప్పు ఒప్పందం కుదిరింది. అది స్టెప్ అనే పథకం కింద ఇచ్చింది. వడ్డీ నామమాత్రం, తీర్చడానికి దశాబ్దాల గడువు. బదులుగా ప్రధాన కాంట్రాక్టర్ జపాన్ కంపెనీ అయి ఉండాలి, కాంట్రాక్టు విలువలో కనీసం 30 శాతం సరుకు, సేవలు జపాన్‌వి అయి ఉండాలి. మన వెస్ట్రన్ ఫ్రైట్ కారిడార్ (సరుకు రైళ్ల కోసం వేసిన ప్రత్యేక లైన్) కూడా స్టెప్ అప్పుదే. ఈ షరతు వల్ల టెండర్‌కి వచ్చేవాళ్లు తగ్గుతారు, ధర పెరుగుతుంది. వడ్డీలో మిగిలింది ధరలో పోతుందా లేదా అన్నది ప్రతి ప్రాజెక్టుకీ విడిగా లెక్కేసుకోవాలి. వియత్నాంలో ఆ లెక్క ఎవరైనా గట్టిగా వేశారా అన్నది నా అనుమానం.

అంచనా పెరిగిన తీరు

2007లో నగరం ఆమోదించిన అంచనా దాదాపు 17.4 లక్షల కోట్ల డాంగ్. ఆ అంకె చూసి కంగారు పడక్కర్లేదు, ఇప్పుడు ఒక రూపాయికి సుమారు 300 డాంగ్ వస్తుంది. 2009లో జనరల్ కన్సల్టెంట్ వచ్చి మళ్లీ లెక్కేశాక, 2011లో అంచనా 47.3 లక్షల కోట్లకు చేరింది.

పత్రికలు ‘మూడు రెట్లు’ అని రాశాయి. మా పనిలో ఉన్నవాళ్లు అక్కడ ఆగకూడదు. అవే అంకెల్ని యెన్‌లో చూస్తే దాదాపు 12,660 కోట్ల యెన్ నుంచి 23,660 కోట్ల యెన్‌కి, అంటే రెండింతల లోపే పెరిగింది. 2007 నాటికి ఒక యెన్‌కి సుమారు 137 డాంగ్. సవరించిన అంచనాలో అది 200. అంటే పెరుగుదలలో పెద్ద ముక్క కేవలం మారకం రేటుది, ఇంజనీరు ఎంత జాగ్రత్తపడ్డా ఆపలేనిది. పైగా 2008లో వియత్నాంలో ద్రవ్యోల్బణం 23 శాతానికి చేరింది. సిమెంటు, స్టీలు, కూలి అన్నీ ఎగబాకాయి. ప్రయాణికుల అంచనా పెరగడంతో పని పరిమాణమూ పెరిగింది. ఇవన్నీ సమంజసమైన కారణాలే. అంచనా పెరగడాన్ని నేను తప్పుపట్టను.

చిక్కు ఆమోదంలో ఉంది. వియత్నాం చట్టం ప్రకారం ఒక హద్దు దాటిన ప్రాజెక్టు ‘జాతీయ ప్రాముఖ్యం’ ఉన్నదవుతుంది, దాన్ని జాతీయ అసెంబ్లీ ముందు పెట్టాలి. 2006 తీర్మానంలో ఆ హద్దు 20 లక్షల కోట్ల డాంగ్. 17.4 దాని లోపలే ఉంది కాబట్టి నగరం ఆమోదం సరిపోయింది. 2010లో హద్దుని 35 లక్షల కోట్లకు పెంచారు. కొత్త అంచనా 47.3. ఎలా చూసినా హద్దు దాటింది. అయినా 2011లో నగర పీపుల్స్ కమిటీ స్థాయిలోనే ఆమోదించి టెండర్లు, కాంట్రాక్టులు, భూమిపూజ కానిచ్చేశారు.

మన దగ్గర పోలవరం ఫైళ్లు చూసినవాళ్లకి రివైజ్డ్ ఎస్టిమేట్ అంటే ఏమిటో, అది ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు కూర్చుంటుందో చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, మన దగ్గర గొడవ ఎవరు ఎంత భరించాలన్నదాని మీద. అక్కడ ఆ అంకెకు చట్టబద్ధత ఉందా లేదా అన్నదాని మీదే.

మొదటి కొన్నేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. విదేశీ అప్పు అప్పట్లో పని జరిగిన మేరకు విడుదలయ్యేది, కాబట్టి బిల్లులు పాసవుతూ వచ్చాయి. 2015 జనవరి 1 నుంచి కొత్త ప్రభుత్వ పెట్టుబడి చట్టం అమల్లోకి వచ్చింది. ఇక విదేశీ అప్పు సొమ్మయినా సరే, ఐదేళ్ల ప్రణాళికలో, ఏటా బడ్జెట్‌లో దానికి కేటాయింపు ఉంటేనే ఖర్చు పెట్టాలి. 2016-20 ప్రణాళిక రాసేటప్పుడు హనోయిలోని అధికారులు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఈ ప్రాజెక్టుకి ఆమోదం ఉన్న అంచనా ఏది? చట్టం ఒప్పుకునేది 17.4 ఒక్కటే. చేతిలో ఉన్న కాంట్రాక్టులు 47.3 లెక్కన. పైగా అప్పటికి దేశ ప్రభుత్వ అప్పు జీడీపీలో 65 శాతం అన్న పరిమితికి దగ్గరపడింది, ఆర్థిక శాఖ ప్రతి డాంగ్‌నీ పట్టిపట్టి చూస్తోంది. కేటాయింపు అవసరానికి చాలా తక్కువ వచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే.

ఒక బిల్లు నడిచే దారి

కొత్తవాళ్లకు నేను బోర్డు మీద గీసి చూపించేది ఈ భాగం.

నెలాఖరున కాంట్రాక్టర్ చేసిన పని కొలతలతో స్టేట్‌మెంట్ పెడతాడు. కన్సల్టెంట్ ఇంజనీరు కొలతలు సరిచూసి పేమెంట్ సర్టిఫికెట్ ఇస్తాడు. అది ఎంఏయూఆర్‌కి వెళ్తుంది. అక్కణ్నుంచి స్టేట్ ట్రెజరీకి, అక్కడ చూసేది పని నాణ్యత కాదు, ఈ పద్దుకి ఈ ఏడాది కేటాయింపు మిగిలి ఉందా అన్నది. ఉంటే ఆర్థిక శాఖ ద్వారా సొమ్ము విడుదల కోరుతూ దరఖాస్తు జైకాకి, అంటే ఈ అప్పు ఇచ్చే జపాన్ ప్రభుత్వ సంస్థకి, పోతుంది. జైకా కాంట్రాక్టర్ బ్యాంకులో వేస్తుంది. చివరి అడుగు అన్నిటికంటే తేలిక. ట్రెజరీ దగ్గర ఆగిన ఫైలు మాత్రం ఎవరు ఫోన్ చేసినా కదలదు, ఎందుకంటే అక్కడి అధికారికి చట్టం వేరే దారి ఇవ్వలేదు.

జైకా అప్పుతో నడిచే పనుల్లో కాంట్రాక్టులు మామూలుగా ఫిడిక్ (నిర్మాణ పనులకు అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక ఒప్పందం) పద్ధతిలో ఉంటాయి. అందులో 14.7 క్లాజు ప్రకారం స్టేట్‌మెంట్ అందిన 56 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే 14.8 కింద వడ్డీ. ఇంకా ఇవ్వకపోతే 16.1 కింద 21 రోజుల నోటీసుతో పని ఆపొచ్చు, లేదా నెమ్మదించొచ్చు. కాగితం మీద కాంట్రాక్టర్ చేతిలో పెద్ద కత్తే ఉంది. నిజానికి పూర్తిగా పని ఆపేంత దాకా ఎవరూ వెళ్లరు. ఊరే నీటిని తోడే డీవాటరింగ్ పంపు ఆపలేరు, తవ్విన గుంత కూలకుండా అడ్డంగా కట్టిన స్ట్రట్ వదిలేసి పోలేరు. కాబట్టి నెమ్మదిస్తారు. అదెలా ఉంటుందో సైట్‌లో ఉన్నవాళ్లకి తెలుసు. ముందు సబ్-కాంట్రాక్టర్ షట్టరింగ్ సామాను వేరే సైట్‌కి తరలిస్తాడు. రాత్రి షిఫ్టు రద్దవుతుంది. క్రేన్ ఉంటుంది, ఆపరేటర్ ఉండడు. ప్రోగ్రెస్ రిపోర్టులో మాత్రం ‘పని కొనసాగుతోంది’ అనే రాస్తారు, అదీ అబద్ధం కాదు. ఆర్నెల్ల తర్వాత గడువు పొడిగింపు దరఖాస్తు వస్తుంది, దాని వెనకే ఐడిల్ ఖర్చుల (మనుషులు, యంత్రాలు ఖాళీగా ఉన్నందుకు) క్లెయిము. అసలు బిల్లు ఆగినందుకు యజమాని రెండోసారి చెల్లిస్తాడన్నమాట.

2018 నవంబర్‌లో వియత్నాంలో జపాన్ రాయబారి ఉమెదా కునియో నేరుగా ఉత్తరం రాశారు. బకాయిలు 10 కోట్ల డాలర్లు దాటాయని, ఏడాది చివరికల్లా ఇవ్వకపోతే పని ఆగిపోతుందని దాని సారాంశం. అప్పిచ్చినవాడి రాయబారి, ఆ అప్పు వాడుకోమని ఉత్తరం రాయాల్సి రావడం మా వృత్తిలో అరుదు. ఆ బెదిరింపు పనిచేసింది. నగరం సొంత బడ్జెట్ నుంచి అడ్వాన్సులు తీసి కాంట్రాక్టర్లకి ఇస్తూ వచ్చింది, కేటాయింపు వచ్చాక సర్దుకుందామని. నామమాత్రపు వడ్డీకి దొరికిన జపాన్ సొమ్ము సిద్ధంగా ఉండగా, స్కూళ్లకీ కాలవలకీ పోవాల్సిన సొంత డబ్బు తీసి ఖర్చుపెట్టడం అన్నమాట. అదే కాలంలో ఎంఏయూఆర్ అధిపతి రాజీనామా చేశారు, చాలామంది సిబ్బంది మానేశారు.

కేంద్రం దారి చూపాక 2019 నవంబర్‌లో అంచనాను 43.7 లక్షల కోట్ల డాంగ్‌గా సవరించి ఆమోదించారు. ఇప్పటి రేటులో 14,500 కోట్ల రూపాయల పైచిలుకు. అందులో 87 శాతం జపాన్ అప్పు. చివరికి ఆ నిర్ణయం మీద సంతకం పెట్టింది మళ్లీ నగరమే. 2011 నుంచి 2019 దాకా జరిగిందంతా ఆ సంతకం చెల్లుతుందని హనోయి చేత అనిపించుకోవడానికి.

మిగతా చిక్కులు

ఇవి కూడా ఉన్నాయి, కాకపోతే వీటికి ఎక్కువ స్థలం ఇవ్వను. బెన్ థాన్ వైపు భూగర్భ భాగంలో డయాఫ్రమ్ వాల్ (తవ్వకం చుట్టూ మట్టిని ఆపే కాంక్రీటు గోడ) మందం 2 మీటర్ల నుంచి 1.5 మీటర్లకు తగ్గించారు. ఇంజనీరింగ్‌గా అది సబబైన మార్పే కావచ్చు, కానీ ఆమోదం పద్ధతి ప్రకారం జరగలేదని తనిఖీల్లో తేలింది. మళ్లీ అదే జబ్బు. 2020 అక్టోబర్‌లో వయాడక్టు మీద ఒక ఎలాస్టోమెరిక్ బేరింగ్ (గర్డర్ కింద పెట్టే రబ్బరు దిమ్మ) జారి కింద పడింది, తర్వాత మరికొన్ని కదిలినట్టు బయటపడింది. ఇలాంటి బేరింగ్ ప్యాడ్‌ని చాలాచోట్ల బరువు, రాపిడే పట్టి ఉంచుతాయి. వాలు, వంపు ఉన్నచోట అది మెల్లగా ‘నడిచే’ స్వభావం ఉందని మా వాళ్లందరికీ తెలుసు కాబట్టి ఆ వార్త వచ్చినప్పుడు ఇక్కడ కూడా కొన్ని ప్రాజెక్టుల్లో టెన్షన్ పడ్డారు. తర్వాత కొవిడ్. ఆపై కన్సల్టెంట్ కాంట్రాక్టు అనుబంధం మీద నెలల తరబడి పీటముడి, కన్సల్టెంట్ లేక సర్టిఫికెట్లు లేవు.

బా సోన్ దాకా 781 మీటర్ల జంట టన్నెల్ మాత్రం 2017 మేలో మొదలై 2018 జూన్‌కల్లా అయిపోయింది, వందేళ్లు దాటిన ఒపేరా హౌస్ పక్కగా వెళ్తూ కూడా. అందరూ భయపడిన పనే అన్నిటికంటే సాఫీగా సాగింది.

జపాన్ వల్లే ఆలస్యమైందా?

హో చి మిన్ సిటీలో ‘జపాన్‌వాళ్లు బాగా కడతారు గానీ నిదానం’ అనే మాట వింటాం. హనోయి మెట్రో లైన్లతో పోల్చి చూస్తే ఆ మాట నిలబడదు. అక్కడి కాట్ లిన్-హా దోంగ్ లైన్ చైనా అప్పు, చైనా కాంట్రాక్టర్. 13 కిలోమీటర్లు, పని 2011లో మొదలై 2021 నవంబర్‌లో తెరిచారు. అంచనా 8.8 నుంచి 18 లక్షల కోట్ల డాంగ్. అక్కడిదే న్యోన్ లైన్‌కి అప్పు ఫ్రాన్స్, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు (ఏడీబీ). 2010లో మొదలైతే పై భాగం మాత్రమే 2024 ఆగస్టులో తెరుచుకుంది. ముగ్గురు అప్పులవాళ్లు, మూడు రకాల కాంట్రాక్టర్లు, అదే ఆలస్యం. మారనిది యజమాని పక్షం ఒక్కటే.

ఢిల్లీలో ఏం వేరుగా జరిగింది? కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం సగం సగం వాటాతో డీఎంఆర్‌సీ అనే కంపెనీ పెట్టారు. దాన్ని నడిపిన శ్రీధరన్ సమర్థత గురించి మనం ఎంతైనా చెప్పుకుంటాం, దానికంటే తక్కువ చెప్పుకునేది ఆ కంపెనీ బోర్డుకున్న అధికారం. సొమ్ము ఇచ్చే కేంద్రమే బోర్డులో కూర్చుంది. ఎంఏయూఆర్ నగర పీపుల్స్ కమిటీ కింద ఒక విభాగం. హనోయి దానికి పైనుంచి చూసేదే తప్ప లోపల లేదు.

అలాగని జపాన్ పక్షం చేతులు దులుపుకోలేదు. 2008లో ఇదే నగరంలో ఈస్ట్-వెస్ట్ హైవే ప్రాజెక్టులో పీసీఐ అనే జపాన్ కన్సల్టెన్సీ ఒక అధికారికి లంచాలిచ్చినట్టు బయటపడింది. జపాన్ కొత్త అప్పులు కొన్ని నెలలు ఆపింది. 2014లో హనోయి రైల్వే ప్రాజెక్టులో మరో జపాన్ కన్సల్టెన్సీ లంచాల వ్యవహారం బయటికొచ్చింది. ఆ తర్వాత వియత్నాంలో అవినీతి మీద కేసుల జోరు పెరిగింది. జపాన్ ప్రాజెక్టు ఫైలు మీద సంతకం అంటే వెనకాడే తరం అలా తయారైంది. నా లెక్కలో ఈ ఆలస్యంలో ఆ భయం వాటా గట్టిగానే ఉంది, ఏ డిలే అనాలిసిస్‌లోనూ దానికి కాలమ్ ఉండదు గానీ.

ఈ కేసు తర్వాత మా దగ్గర మార్చుకున్నవి

విదేశీ అప్పు ప్రాజెక్టు టెండర్ వస్తే మేము ఇప్పుడు ముందు అడిగేది ఆమోదించిన అంచనా కాపీ. దాని కింద సంతకం పెట్టినవారికి ఆ మొత్తం మీద అధికారం ఉందా అని లాయర్ చేత చూపిస్తాం. ఫిడిక్ 2.4 కింద యజమాని డబ్బు ఏర్పాట్ల రుజువు అడిగే హక్కు కాంట్రాక్టర్‌కి ఉంది. చాలామంది మర్యాద పోతుందని అడగరు. అప్పు ఒప్పందం చూపించి ‘ఇదిగో డబ్బు’ అంటే ఒప్పుకోవద్దు, ఈ ఏడాది బడ్జెట్‌లో పద్దు చూపించమనాలి. బేస్ అంచనా డాలర్లలోనో రూపాయల్లోనో ఉండి, అప్పు యెన్‌లో ఉంటే, మారకం తేడాని విడిగా ఒక వరసలో రాయించాలి. ఆ వరస 2011 నాటి పత్రంలో అందరికీ కనపడేలా ఉండి ఉంటే ‘మూడు రెట్లు’ అనే శీర్షిక పుట్టేది కాదు, దాని వెంట వచ్చిన అనుమానమూ ఉండేది కాదు.

వియత్నాం తనదైన పాఠం తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో జాతీయ అసెంబ్లీ 188వ నంబర్ తీర్మానంతో హనోయి, హో చి మిన్ సిటీల అర్బన్ రైల్వేలకు ప్రత్యేక వెసులుబాట్లు ఇచ్చి అనుమతుల మెట్లు తగ్గించింది. బెన్ థాన్ నుంచి థామ్ లువోంగ్ వెళ్లే లైన్ 2కి మొదట అనుకున్న జర్మనీ, ఏడీబీ, యూరప్ బ్యాంకుల అప్పులు వదిలేసి నగరం సొంత బడ్జెట్‌తో కట్టాలని నిర్ణయించుకుంది. 2024 నవంబర్ 30న ఆమోదం పొందిన 1,541 కిలోమీటర్ల ఉత్తర-దక్షిణ హైస్పీడ్ రైలు కూడా, సుమారు 6,700 కోట్ల డాలర్ల అంచనాతో, ప్రధానంగా ప్రభుత్వ పెట్టుబడిగానే ఆమోదించారు. 2010లో షింకన్‌సెన్ (జపాన్ బుల్లెట్ రైలు) తరహాలో ఇదే మార్గానికి వేసిన 5,600 కోట్ల డాలర్ల ప్రతిపాదనను అదే అసెంబ్లీ తిప్పికొట్టింది.

విదేశీ అప్పు వదిలేస్తే వేగం పెరుగుతుందన్న నమ్మకం నాకు సగమే. బడ్జెట్ డబ్బుకి కూడా అదే ట్రెజరీ, అదే కేటాయింపు ప్రశ్న ఉంటాయి. లైన్ 2 మొదటి రివైజ్డ్ ఎస్టిమేట్ వచ్చినప్పుడు దాని మీద ఎవరు, ఎన్ని నెలల్లో సంతకం పెడతారన్నది నేను చూడబోయే మొదటి అంకె.